ఓడిన బాజీని దాచొద్దు

మొన్న ఇత్వార్ రాత్రి, ఇషా నమాజ్ తర్వాత, మా చిన్నోడి స్కూల్ బ్యాగ్ సర్దుతుంటే అడుగున ఎనిమిది మడతలు పెట్టిన కాగితం దొరికింది. పిల్లల చెస్ టోర్నమెంట్‌లో వాడు ఆడిన ఆట తాలూకు స్కోర్‌షీట్. ఇరవై రెండు చాల్‌లు రాసి ఉన్నాయి. ఇరవై మూడో దగ్గర కలం ఆగింది. ఆ రోజు ఇంటికొచ్చాక "క్యా హువా బేటా?" అనడిగితే, "డ్రా అయింది అబ్బా" అన్నాడు. కాగితం మీద వాడి పేరు పక్కన సున్నా ఉంది.

నాకు గుస్సా రాలేదు. షరమ్ వేసింది. ఎందుకంటే నేను చేసేదీ అదే.

నేను ఫోన్‌లో షత్రంజ్ ఆడతాను. పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట్‌లో దిగేలోపు రెండు బాజీలు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఇంకో రెండు. గెలిస్తే దస్తర్‌ఖాన్ దగ్గర అందరికీ చెబుతాను. ఓడితే వెంటనే కొత్త ఆట మొదలుపెడతాను. ఓడిన ఆట వంక మళ్లీ చూసే హిమ్మత్ నాకుండేది కాదు.

ఆ రాత్రి కూర్చుని, చేజారిన ఇరవై ఆటలు ఒక్కొక్కటిగా తెరిచాను. నాకు చదువు తక్కువై, ఓపెనింగ్‌లు రాక ఓడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నా. అది నాలుగు ఆటల్లోనే నిజం. మిగతా వాటిలో ఎక్కువ భాగం నేను ముందంజలో ఉండి పోగొట్టుకున్నవే. ఒకదాంట్లో నాకు ఒక హాథీ ఎక్కువుంది. కానీ నా బాద్షా ముందు మూడు ప్యాదాలూ కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎదుటివాడి హాథీ ఆఖరి వరుసలోకి దిగింది. షహ్ మాత్! ఒక్క ప్యాదాను ఒక్క గడి ముందుకు జరిపి ఉంటే బాద్షాకు దారి ఉండేది. ఇంకోదాంట్లో వజీర్ ఎక్కువుండి కూడా స్టేల్‌మేట్ చేసి పెట్టాను. రైలు చైతన్యపురి దాటింది, ఇల్లు చేరేలోపు గెలిచేయాలనే జల్దీ.

ఫోన్ తప్పు చాల్‌ను ఎర్రగా చూపిస్తుంది, సరైన చాల్ కూడా చెబుతుంది. ఆ తప్పు నేనెందుకు చేశానో మాత్రం దానికి తెలియదు. అందుకే ఫోన్‌ను అడగకముందు, ఆ క్షణంలో ఏమనుకున్నానో ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. "వాడి ఘోడాను చూడలేదు" అని కొన్నిచోట్ల రాశాను. "చూశాను, కానీ వాడు చూడడులే అనుకున్నా" అని ఇంకా ఎక్కువచోట్ల రాయాల్సి వచ్చింది. మొదటిది గఫ్లత్. రెండోది గురూర్. పడుకోబోయే ముందు ఆ రోజు లెక్క తనకు తాను చూసుకోవడాన్ని మన పెద్దలు ముహాసబా అన్నారు. నాకు ఆ మాట మానీ ఈ నోట్‌బుక్ దగ్గర తెలిసింది.

అసలు షత్రంజ్ జాయెజేనా అని కొందరు అడుగుతారు. సవాల్ సరైనదే. హనఫీ ఉలమాలో ఎక్కువమంది వద్దన్నారు. జూదం లేకుండా, నమాజ్ పోకుండా ఉంటే షాఫయీ మస్లక్‌లో కొంత వెసులుబాటు ఉంది. ఇరాన్‌లో ఉన్న నిషేధాన్ని 1988లో ఎత్తేశారు. 2016లో సౌదీ గ్రాండ్ ముఫ్తీ మాత్రం హరామ్ అన్నారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాదు, మీ ఆలిమ్‌ను అడగండి. ఒక సాయంత్రం ఆట మోజులో నా మగ్రిబ్ ఖజా అయింది. దాన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పేజీలన్నిటిలో పెద్ద ఓటమి అదే.

పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ సంగతి పిల్లలకు చెప్పాలి. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే నవాబు దగ్గర ముlాజిమ్‌గా ఉండి, ఆయన వెంట 1929లో లండన్ వెళ్లాడు. నేర్చుకున్నది మన దేశీ ఖాయిదాల షత్రంజ్. అక్కడ మొదట పెట్టిన ప్రాక్టీస్ టోర్నమెంట్‌లో అట్టడుగున నిలిచాడు. తనకంటే పైన నిలిచినవాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడు. అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లో మళ్లీ గెలిచాడు. ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి వచ్చిన కాపాబ్లాంకానూ ఓడించాడు. ఆ మొదటి టోర్నమెంట్ కాగితాలు మడిచి దాచేసి ఉంటే ఏమయ్యేది?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ గల్లీల్లో సాయంత్రం నిలబడి చూడండి. వారం వారం టెస్టులు, ర్యాంకులు. మన ఇళ్లలో దానికి తోడు ఇంకో బరువు: "మనోళ్లు రెండింతలు చదివితేనే నౌకరీ, ఖాందాన్ ఇజ్జత్ నీ చేతుల్లో ఉంది." మాట తప్పు కాదు. కానీ అంత బరువు మోసే బిడ్డ తప్పును చూపించడు, దాస్తాడు. దాచిన తప్పు దిద్దడానికి ఎవరికీ దొరకదు. ఉర్దూ మీడియం నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు నా మొదటి పరీక్ష పేపర్ నిండా ఎర్ర సిరా. ల, ళ తేడా తెలియదు. శ, ష, స కలిసిపోయేవి. ఆ పేపర్ ఎవరికీ చూపించలేదు, నెలల తరబడి అవే తప్పులు రాశాను. ఒక దోస్త్ పక్కన కూర్చుని దిద్దించాకే పోయాయి.

అందుకని వాడి కాగితం గురించి నేను పంచాయితీ పెట్టలేదు. మర్నాడు చాయ్ దగ్గర బోర్డు పరిచి, హాథీ ఎక్కువుండి ఓడిన నా ఆట చూపించాను. పడీ పడీ నవ్వాడు. "అబ్బా, ఒక్క కిటికీ తెరిచి ఉంచాలి కదా!" అన్నాడు. కాసేపు ఊరుకుని, లోపలికెళ్లి ఆ కాగితం తెచ్చాడు. "వాడి ఘోడా ఒక్కసారే బాద్షాకు షహ్ చెప్పి, నా వజీర్ మీద కూడా పడింది. నేను చూడలేదు."

మీ పిల్లలు ఆట నుంచో, టెస్ట్ నుంచో వచ్చినప్పుడు "గెలిచావా? ఎన్నొచ్చాయి?" అని మొదటే అడక్కండి. "ఎక్కడ ఇరుక్కున్నావ్ బేటా?" అనడగండి. అంతకంటే ముందు మీరెక్కడ ఇరుక్కున్నారో చెప్పండి.

మావాడు ఇరవై మూడో చాల్ తన చేత్తోనే రాశాడు.