ట్రయల్ షిఫ్ట్ అంటే వెట్టి కాదా?

మొన్న మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మెల్‌బోర్న్ సిటీలో పాతకాలపు హోటల్ బిల్డింగు, లోపల బార్. పాలరాతి కౌంటరు, ఇత్తడి దీపాలు, చేతిలో కాక్‌టెయిల్. "వైబ్ మామూలుగా లేదు" అని క్యాప్షన్. దాని కింద ఒక తమ్ముడు "అన్నా, నేను అక్కడ మూడు రోజులు ట్రయల్ చేశా, డబ్బులివ్వలేదు" అని రాశాడు. అంతే, వరసబెట్టి దిగారు మన పెద్దమనుషులు. "ట్రయల్ అంటే అంతే బ్రో." "రెండు రోజులు గిన్నెలు కడిగితే అరిగిపోతావా?" "కంప్లయింట్ ఇస్తే వీసా పోద్ది, జాగ్రత్త."

ఆ మూడు మాటలకి జవాబే ఈ పోస్ట్. పొడుగుంది, ట్రైన్‌లో తీరిగ్గా చదువుకోండి.

ఆ తమ్ముడు మా ఇంట్లోవాడే. టార్నీట్‌లో ఒకే ఇంట్లో ఆరుగురం ఉంటాం. వాడి తర్వాతి వారం మాలో ఇంకొకడికి అదే చోటు నుంచి ట్రయల్‌కి పిలుపొచ్చింది. ఆ పై వారం మూడోవాడికి. ముగ్గురూ అదే సింకు దగ్గర, సాయంత్రం అయిదు నుంచి రాత్రి ఒంటిగంట దాకా, మూడేసి రాత్రులు. అందరికీ చివర్లో ఒకటే మెసేజ్: "మళ్ళీ చెప్తాం." ఒక రాత్రి అన్నం తింటూ లెక్కేసుకుంటే అప్పుడు వెలిగింది. వాళ్ళకి కిచెన్ హ్యాండ్ అక్కర్లేదు, ట్రయల్ కుర్రాళ్ళే కావాలి. తొమ్మిది రాత్రులు, 72 గంటలు. 2025 జూలై నుంచి ఇక్కడ కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు, క్యాజువల్‌కి దాని మీద 25 శాతం, అంటే 31 డాలర్ల పైనే. తక్కువలో తక్కువ వేసుకున్నా రెండు వేల రెండొందలు మా ఇంటి నుంచి వాళ్ళ గల్లాలోకి పోయాయి. ఆఖరి బండి తప్పిపోయి ఊబర్‌కి పెట్టుకున్నది వేరే.

ఆ చోటు పేరు ఇక్కడ రాయం. పేరు రాయాల్సిన చోట రాస్తాం.

"ట్రయల్ అంటే అంతే" అనేవాళ్ళకి రూల్ చెప్తాం. జీతం లేని ట్రయల్ ఎప్పుడు చెల్లుతుందంటే, నీకు పనొచ్చో లేదో చూడటానికి ఎంతసేపు అవసరమో అంతసేపే, అదీ పక్కన ఒకరు నిలబడి చూస్తుంటేనే. వైన్ గ్లాసు తుడవడం వచ్చో రాదో చూడటానికి ఎంతసేపు పడుతుంది? అరగంట అనుకుందాం, పోనీ గంట. ఎనిమిది గంటలు ఒంటరిగా ఆవిరిలో నిలబెట్టి, ఫ్లోరు కూడా మాప్ చేయించుకుంటే అది పరీక్ష కాదు, పని. పనికి పైసలివ్వాలి. మన తాతలకి దీని పేరు తెలుసు. దొర గడీలో పెళ్ళయినా చావయినా ఊరంతా వెళ్ళి ఊరికే చాకిరీ చేసొచ్చేది. దాన్ని వెట్టి అన్నారు, ట్రయల్ అనలేదు.

అసలు ఈ "హిస్టారిక్" అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. స్ప్రింగ్ స్ట్రీట్‌లో విండ్సర్ హోటల్ చూసే ఉంటారు, పార్లమెంట్ స్టేషన్ ఎక్కి బయటికొస్తే ఎదురుగానే. మాకు జరిగినదానికీ ఆ హోటల్‌కీ సంబంధం లేదు, చరిత్ర కోసం చెప్తున్నాం. 1883లో కట్టారు. ఆ తర్వాత జేమ్స్ మన్రో అనే ఆయన కొని, మందు మాన్పించి, గ్రాండ్ కాఫీ ప్యాలెస్ అని పేరు పెట్టాడు. మద్య నిషేధమంటే ప్రాణం పెట్టే మనిషి. తర్వాత విక్టోరియా ప్రీమియర్ కూడా అయ్యాడు. ఆయన పెట్టిన ఫెడరల్ బ్యాంకు 1893లో కూలింది. చుక్క ముట్టలేదు గానీ జనం పొదుపు మునిగింది. అదే హోటల్ 1980 నుంచి 2005 దాకా మన దేశం ఓబెరాయ్ గ్రూపు చేతుల్లో ఉంది. ఓనరుగా ఇండియన్ అయితే అది చరిత్ర. వెనక సింకు దగ్గర ఇండియన్ అయితే ట్రయల్!

ఆ హోటల్‌కి ఎదురుగా ఉన్న పార్లమెంట్ భవనంలోనే 1901 నుంచి 1927 దాకా ఫెడరల్ పార్లమెంటు నడిచింది. వచ్చిన మొదటి ఏడాదే మనలాంటి రంగువాళ్ళని రానివ్వకుండా ఇమ్మిగ్రేషన్ చట్టం చేసింది. ఏదో ఒక యూరప్ భాషలో డిక్టేషన్ పెట్టి ఫెయిల్ చేసి పంపేసేవాళ్ళు, 1958 దాకా. ఐఈఎల్‌టీఎస్ రాసి వచ్చిన మనకి ఇది వింటే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది.

కానీ ఆ మెట్ల దగ్గరే ఇంకో చరిత్ర ఉంది, అది ఏ బార్ మెనూలోనూ వేయరు. 1856 ఏప్రిల్ 21న రాళ్ళు చెక్కే మేస్త్రీలు యూనివర్సిటీ దగ్గర పని ఆపేసి, దారిలో మిగతావాళ్ళని కలుపుకుంటూ, అప్పుడు కడుతున్న ఇదే పార్లమెంట్ భవనం దాకా నడిచారు. రోజుకి ఎనిమిది గంటలే పని అని సాధించుకున్నారు. మన టార్నీట్ ట్రైన్ సన్‌షైన్‌లో ఆగుతుంది కదా, అక్కడి హార్వెస్టర్ ఫ్యాక్టరీ కేసులోనే 1907లో హిగ్గిన్స్ జడ్జి, మామూలు కూలీకి కూడా పెళ్ళాం పిల్లలతో బతికేంత ఇవ్వాల్సిందే అని వారానికి 42 షిల్లింగులు తేల్చాడు. మనం రోజూ ఆ ఊరి మీదుగానే ఫ్రీ ట్రయల్‌కి పోతున్నాం.

ఇక "వీసా పోద్ది" అనే మాట. ఓనర్ అంటే అర్థం చేసుకుంటాం, వాడికి లాభం. మనవాడే అంటుంటే కడుపు మండుతుంది. స్టూడెంట్ వీసాకి సెషన్ నడుస్తుండగా పక్షానికి 48 గంటలు అని అందరికీ తెలుసు. గంటలు దాటించేదీ వాళ్ళే, తర్వాత ఇమ్మిగ్రేషన్‌కి చెప్తాం అని బెదిరించేదీ వాళ్ళే. 2024 జూలై నుంచి దీనికి రక్షణ వచ్చింది. పనిలో దోపిడీ జరిగిందని ఫెయిర్ వర్క్ గానీ, గుర్తింపున్న యూనియన్ లేదా లీగల్ సెంటర్ గానీ సర్టిఫై చేస్తే, గంటలు దాటినందుకు వీసా రద్దు కాకుండా కాపాడుకునే దారి ఉంది. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం దేశమంతటా క్రిమినల్ నేరం. భయపడాల్సింది ఎవరు?

పేరున్న చోట ఇలాంటివి జరగవు అనేవాళ్ళు జార్జ్ కాలొంబారిస్ సంగతి గుర్తు తెచ్చుకోండి. మాస్టర్‌షెఫ్ జడ్జి. ఆయన రెస్టారెంట్లలో 500 మందికి పైగా స్టాఫ్‌కి 78 లక్షల డాలర్లు తక్కువిచ్చినట్టు 2019లో తేలింది. 

మాకు ట్రయల్ ఇప్పించింది మన తెలుగాయనే, అక్కడ సూపర్‌వైజర్. "తమ్ముడూ, మేమూ ఇలాగే పైకొచ్చాం" అన్నాడు. ఆయన మీద కోపముంది, జాలీ ఉంది. ఆయనా స్పాన్సర్‌షిప్ మీదే ఉన్నాడు, ఆయన మెడకీ తాడుంది. అన్నా, నువ్వు ఇది చదువుతుంటే ఒక మాట. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఇప్పుడు 60 రోజులు కాదు, 180. తాడు కాస్త వదులైంది. కుర్రాళ్ళని పంపడం ఆపెయ్.

అక్కడ ట్రయల్ చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లోకి రండి. తేదీలు, మెసేజ్ స్క్రీన్‌షాట్లు, మైకీ హిస్టరీ, ఊబర్ రసీదులు ఏవున్నా చాలు, ఆరేళ్ళ వెనకటివి కూడా అడగొచ్చు. మా ముగ్గురివీ రాసిపెట్టాం. సోమవారం పొద్దున క్లాసుకి ముందు 13 13 94కి ఫోన్ చేస్తున్నాం. ఇంగ్లీషులో తడబడతాం అనుకుంటే 13 14 50లో ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.