వంటిల్లే తొలి ప్రయోగశాల

ప్రవాసాంధ్రుల ఇళ్ళలో శనివారం మధ్యాహ్నం వంట సాగుతున్నంతసేపూ పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టడం పరిపాటి. పని త్వరగానే తెములుతుంది. చక్కని పాఠం మాత్రం చేజారిపోతుంది.

కుక్కరునే ఉదాహరణగా తీసుకోవచ్చు. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. మూత బిగించిన కుక్కరులో ఆవిరి ఒత్తిడి పెరిగి, ఆ మరుగుస్థానం సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. కందిపప్పు త్వరగా ఉడికే రహస్యమిదే. 1679లో డెనిస్ పాపిన్ రూపొందించిన ఆవిరిపాత్రకు ఆధారం ఈ సూత్రమే.

పసుపు కలిపిన నీరు వంటసోడా వేస్తే ఎర్రబారుతుంది. నిమ్మరసం పిండితే తిరిగి పచ్చబడుతుంది. క్షారమేదో, ఆమ్లమేదో పిల్లలకు కళ్ళకు కడుతుంది. పెళ్ళి పారాణిలో సున్నం చేసే పనీ అదే.

పొయ్యి, కత్తి పెద్దల చేతుల్లోనే ఉండాలి. కొలవడం, గమనించడం, ప్రశ్నించడం పిల్లల వంతు.

అన్నిటికంటె ముఖ్యం భాష. పాలు కాగుతాయి, నీళ్ళు మరుగుతాయి, పప్పు ఉడుకుతుంది. ఇంగ్లీషు తరచు ఒకే మాటతో సరిపెట్టే ఈ మూడింటికీ తెలుగులో మూడు మాటలున్నాయి. ఆ తేడా తరగతిలో వల్లెవేస్తే పట్టుబడదు. వంటింట్లో పెద్దల పక్కన నిలిచిన బిడ్డకు ఒక్క పూటలో అబ్బుతుంది.