కొలతకు అందని చిక్కు

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో, సంతలో కాసేపు నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో వినిపిస్తాయి. లెక్కించేవానికి అవి మూడు భాషలు. మాట్లాడేవానికి అది ఒక్కటే మాట. చిక్కు వాక్యంలో ఉన్నదా, వినేవాని చెవిలో ఉన్నదా? సాఫ్ట్‌వేర్ సంక్లిష్టతను కొలవబూనిన వారికి ఎదురైన ప్రశ్న కూడా ఇదేనని నా అభిప్రాయం.

1976లో థామస్ మెకేబ్ ఒక కొలమానాన్ని ప్రతిపాదించాడు. ప్రోగ్రాములో దారి చీలే చోట్లను లెక్కించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యే దాని సంక్లిష్టత. అది 10ని మించరాదని ఆయన సూచన. పరీక్షించవలసిన దారులెన్నో తెలుసుకొనేందుకు ఇది నేటికీ పనికివచ్చే లెక్కే. అర్థం చేసుకోవడం ఎంత కష్టమో చెప్పమన్నప్పుడే అది తడబడుతుంది.

నెల సంఖ్య ఇస్తే చైత్రం మొదలు ఫాల్గుణం వరకు పేరు చెప్పే ప్రోగ్రామును తీసుకోండి. పన్నెండు నెలలకు పన్నెండు దారులు; హద్దు దాటినట్టే. అయినా చదివేవాడు రెండు నెలలు చూచి మిగిలినవి ఊహించుకుంటాడు. ఇటువంటి వాటికి మెకేబ్ తానే మినహాయింపునిచ్చాడు. దీనికి విరుద్ధమైనది, అక్షర సంకేతం నుండి 3072ను తీసివేసే ఒకే ఒక్క పంక్తి. చీలికలు లేవు, కొలత 1. కాని యూనికోడ్‌లో తెలుగు వరుస 3072 వద్ద మొదలవుతుందని తెలియనివాడు అక్కడే ఆగిపోతాడు. ఆ సంఖ్యకు ‘తెలుగు ఆరంభం’ అని పేరు పెడితే చిక్కు విడిపోతుంది. కొలత మాత్రం మారదు.

‘జ్ఞా’ను మనం ఒకే అక్షరంగా చదువుతాము. యంత్రానికది జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు. అనుభవమున్న ప్రోగ్రామరు కూడా అలవాటైన అమరికను ఒకే మూటగా గ్రహిస్తాడు. మనసు ఒక్కసారి పట్టుకోగలిగేది ఏడుకు అటూ ఇటూగా ఉంటుందని 1956లో జార్జ్ మిల్లర్ వ్రాసినప్పుడు లెక్కించినది ఇటువంటి మూటలనే.

సంఖ్యను బట్టి మనుషుల పనితనాన్ని తూచడం మొదలైతే నష్టం ఇక్కడే. చక్కని ఫంక్షనును ఆరు ముక్కలు చేస్తే ప్రతి ముక్క కొలతా తగ్గుతుంది; చదివేవాడు మాత్రం ఆరు చోట్లకు తిరగాలి. కొలమానాన్ని పారవేయమనడం లేదు. థర్మామీటరు జ్వరమున్నదని చెబుతుంది గాని రోగమేదో చెప్పదు. రోగం తెలియాలంటే ఆ ప్రోగ్రామును ఒక కొత్తవానికిచ్చి చదవమనాలి. అతడు ఆగిన చోటే అసలు చిక్కు.