"వయసైపోయింది" అంటే సరిపోదు



మీ ఇంట్లో నాయనమ్మ నేల మీంచి లేచేటప్పుడు ఈ మధ్య చెయ్యి దేనికి ఆనిస్తోంది? గోడకా, మనవడి భుజానికా? ఎప్పుడైనా చూశారా?

మా నాయనమ్మను నేను చూడలేదు. మొదట సంతకి రావడం మానేసింది. తర్వాత గెడ్డ దాటడం మానేసింది. ఇప్పుడు గుమ్మం దిగాలన్నా పక్కన మనిషి ఉండాలి. ఆస్పత్రికి తీసుకెళ్తే ఒకటే మాట: "వయసైపోయింది బాబూ." ఇంటికొచ్చి నేనేమన్నాను? "నువ్వు కూర్చో నాయనమ్మా, పనులు మేం చూసుకుంటాం." ఆ మాటా తప్పే, నా మాటా తప్పే.

వయసుతో కండ, దాని బలం తరిగిపోవడానికి వైద్యంలో సార్కోపీనియా అని పేరుంది. 1989లోనే పెట్టారు. నడివయసులో మొదలై, అరవై దాటాక జోరందుకుంటుంది. తొడల్లో బలం తగ్గితే లేవడం, మెట్టెక్కడం, దిగుడులో కాలు నిలదొక్కుకోవడం కష్టం. కదలకుండా కూర్చోబెడితే కండ ఇంకా తొందరగా కరుగుతుంది. అంటే ప్రేమతో మనం చేసేదే వాళ్ళని మంచాన పడేస్తోంది.

ముసలి కండ మళ్ళీ బలపడదా? బలపడుతుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న 90 ఏళ్ళ వాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళ వ్యాయామం చేయించారు. కాళ్ళ బలం రెట్టింపు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. అక్కడ అయ్యింది ఇక్కడ ఎందుకు కాదు?

"కొండ మనుషులు, గట్టోళ్ళు, వాళ్ళకేం కాదు" అంటారు. ఈ పొగడ్త మనకొద్దు! ఆంధ్రప్రదేశ్‌లో మనకు 50 ఏళ్ళకే వృద్ధాప్య పింఛను ఇస్తున్నారు. అంటే మన దగ్గర ముసలితనం ముందే వస్తుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా? మరి కాళ్ళ పరీక్ష ఏది? వృద్ధుల ఆరోగ్యానికి కేంద్రం 2010లో జాతీయ కార్యక్రమం పెట్టింది. మంచాన పడ్డవాళ్ళ ఇంటికి సిబ్బంది వెళ్ళాలని అందులోనే ఉంది. మీ గూడేనికి ఎవరైనా వచ్చారా?

తిండి సంగతీ చూడండి. కండకి మాంసకృత్తులు కావాలి. చింతపల్లి వైపు మనం పండించే రాజ్మాలో, అదే తూకం బియ్యంలో కంటే అవి దాదాపు మూడు రెట్లు. ఆ రాజ్మా సంతలో అమ్మేస్తాం. ముసలోళ్ళకి మిగిలేది కోటా బియ్యం, పచ్చిమిరపకాయ.

అందుకే మన డిమాండ్లు: సబ్‌సెంటర్‌లో వృద్ధులకి బీపీతో పాటు కాళ్ళ బలం కూడా చూడాలి. కోటాలో పప్పు, చోళ్ళు ప్రతి నెలా ఇవ్వాలి. డోలీ మోత ఆగేలా రోడ్డు వేయాలి.

అడుగుతూనే మనం చేయాల్సిందీ ఉంది. ఈ రోజే మీ పెద్దవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టండి. చేతులు గుండెకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కనే నిలబడండి, పడిపోకుండా చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే బలం తగ్గిందని అనుమానించాలి. ఆసియా నిపుణులు 2019లో చెప్పిన లెక్క ఇది. ఆయాసం, గుండె నొప్పి, ఈ మధ్య పడిపోవడం ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి. లేకపోతే ఆ లేచి కూర్చోవడమే రోజూ కొంచెం కొంచెం పెంచండి.

మనకి కొండెక్కడం నేర్పింది ఆ కాళ్ళే. వాటిని మంచానికి అప్పగించొద్దు.

జై ఆదివాసీ!