బయానా ఇచ్చే ముందే వకీలు

మా మొహల్లాలో ఒక చిరుద్యోగి కుటుంబం కొన్నేళ్ల క్రితం ముగ్గురు అన్నదమ్ముల వద్ద ఇల్లు కొన్నది. ముగ్గురూ సబ్‌రిజిస్ట్రారు ఎదుట సంతకాలు చేశారు. ఈసీలో ఏ చిక్కూ కనబడలేదు. కొన్నవారు సంతోషంగా ఇంట్లో చేరి బంధువులకు దావత్ ఇచ్చారు. నాలుగేళ్ల తరువాత కోర్టు నుండి సమన్లు వచ్చాయి. అమ్మినవారి అక్కచెల్లెళ్లు ఇద్దరు తమ తండ్రి ఇంట్లో తమ వాటా కోసం దావా వేశారు.

ఆ సోదరీమణులది తప్పు కాదు. తల్లిదండ్రులిద్దరూ గతించి, ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు మిగిలినపుడు షరియత్ ప్రకారం ఆస్తి ఎనిమిది భాగాలవుతుంది. కుమారులకు రెండేసి, కుమార్తెలకు ఒక్కొక్కటి. అంటే ఇంటిలో నాలుగవ వంతు ఆడబిడ్డలది. తండ్రి కన్నుమూసిన క్షణం నుండే అది వారిది. అన్నదమ్ములు తమది కాని దానిని అమ్మజాలరు. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన లేని హక్కు పుట్టదు. అమ్మేవాడికి ఎంత హక్కు ఉన్నదో అంతే కొన్నవాడికి సంక్రమిస్తుంది.

మరి ఈసీ ఎందుకు చెప్పలేదు? అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. మరణంతో సంక్రమించిన వారసత్వం అందులోకి ఎక్కదు. నోటిమాటగా చేసిన హిబా కూడా ఎక్కదు. ప్రకటన, స్వీకారం, స్వాధీనం అనే మూడూ ఉంటే హిబా చెల్లుతుంది. దానిని కాగితంపై రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇచ్చేవారికి ఇది సౌలభ్యమే గాని, కొనేవారికి కంటికి కనబడని గుంట. ఈసీ తప్పక తీయవలసిందే, కానీ అక్కడితో ఆగరాదు.

వడ్డీకి దూరంగా ఉండాలన్న నియమంతో మనలో అనేక కుటుంబాలు బ్యాంకు రుణం జోలికి పోవు. నగలు అమ్మి, గల్ఫ్‌లోని కొడుకు పంపినది కూడబెట్టి, నగదుతో ఇల్లు కొంటారు. నియమం మంచిదే. కానీ రుణం తీసుకునేవారి కాగితాలను కనీసం బ్యాంకు వకీలు ఒకసారి చూస్తాడు. మన కాగితాలను చూసేవారు ఎవరూ ఉండరు. కనుక సొంత వకీలు ఇతరులకంటె మనకే ఎక్కువ అవసరం.

ఖర్చు తగ్గుతుందని చేసే పని మరొకటి ఉన్నది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిసి భారమవుతాయని, నోటరీ కాగితంపైనో జీపీఏపైనో ఇల్లు కొంటున్నారు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యం మాత్రమే, యాజమాన్యానికి కాదు.

వక్ఫ్ భూమి విషయం మరీ సున్నితం. దాని అమ్మకం చెల్లదని వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను కింద ఉంచే నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో చూడాలి. వక్ఫ్ గెజిట్‌ను కూడా వకీలు చేత విడిగా పరిశీలింపజేయాలి. వక్ఫ్ భూముల రక్షణకై సభలు జరిపే మనమే తెలియక వాటిని కొనడం కంటె పెద్ద అవమానం వేరొకటి లేదు.

ఇక వకీలును ఎంచుకోవడం. అమ్మేవారు చూపించిన వకీలు, బ్రోకరు తెచ్చిన వకీలు మన వకీలు కాడు. దస్తావేజు లేఖరి కాగితం చక్కగా రాయగలడు గాని హక్కు పరిశీలన అతని బాధ్యత కాదు. రుణం తీసుకున్నా, బ్యాంకు వకీలు కాపాడేది బ్యాంకు సొమ్మును. సివిల్ కోర్టులో ఆస్తి దావాలు నడిపిన అనుభవం గలవారిని, బార్ కౌన్సిల్‌లో నమోదైనవారిని ఎంచుకోండి. ఫీజు ముందే మాట్లాడుకోండి. నోటిమాట సలహాతో సరిపెట్టుకోక, సంతకంతో కూడిన లిఖిత అభిప్రాయం అడగండి.

ఆ వకీలును ఈ ప్రశ్నలు అడగండి. ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు వరుసగా ఉన్నాయా? అసలు కాగితాలు అమ్మేవారి చేతిలో ఉన్నాయా, లేక ఎక్కడైనా కుదువలో ఉన్నాయా? ఆస్తి మరణంతో వచ్చినదైతే వితంతువు, కుమార్తెలు సహా వారసులందరూ సంతకం చేస్తున్నారా? తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పేర్లు చెబుతుంది గాని వాటాలు తేల్చదు. ఇంట్లో నిజంగా ఎవరు ఉంటున్నారు, ఏ హక్కుతో? నిర్మాణానికి అనుమతి ఉన్నదా? వీటికి జవాబులు వచ్చిన తరువాతే బయానా. ఇచ్చినపుడు కూడా రసీదుతో, ఒప్పందపు రాతతో ఇవ్వాలి. ఒప్పందం చేసుకుని ఏళ్ల తరబడి వాయిదాలు కట్టేవారు మరువరాదు: దాని అమలు కోరే దావాకు గడువు మూడేళ్లే.

"తెలిసినవాళ్లే, మన జమాఅత్ వాళ్లే, కాగితాలు అడిగితే ఏమనుకుంటారో" అనే మొహమాటం మనకు మెండు. గడువు గల రుణ వ్యవహారాన్ని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. కనుక కాగితం అడగడం అనుమానించడం కాదు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపిన నాకు తెలిసినది ఒక్కటే. ఒక వకీలుకు ఇచ్చే ఫీజు ఆదా చేసుకున్నవారు, తరువాత ఇద్దరు ముగ్గురు వకీళ్లకు ఇచ్చుకుంటారు.

చివరిగా, అమ్మే అన్నదమ్ములకు ఒక మాట. సోదరి వాటా ఆమెకు ఇవ్వండి, లేదా అమ్మకంలో ఆమెను కూర్చోబెట్టి సొమ్ము చేతికివ్వండి. దక్కని సోదరీమణులకూ ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టండి. ఆడబిడ్డ సంతకం ఉన్న దస్తావేజే కొన్నవారికీ నిశ్చింత, అమ్మినవారికీ హలాల్ సంపాదన.