దోచినోనికి జైలు, పంపినోనికి రాజీ

2024 ఆగస్టు 5న షేక్ హసీనా బంగ్లాదేశ్ ఇడిచి పోయిన దినం, ఢాకాలో ఆమె ఉండిన గణభవన్ మీద జనం పడినారు. కుర్చీలు, చీరలు, చేపలు, బాతులు, ఏది దొరికితే అది ఎత్తుకపోయినారు. 2025 సెప్టెంబర్‌లో నేపాల్ పిల్లోళ్లు అవినీతి మీద రోడ్డెక్కితే, రెండో దినానికే సూపర్ మార్కెట్లు లూటీ అయినాయి. ఆ వీడియోలు మన ఫోన్లలోకీ వచ్చినాయి. చానామంది నవ్వుకున్నారు.

నేను శిరివెళ్లోణ్ణి. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే లూటీ మన సీమకు కొత్త గాదు.

ఫ్యాక్షన్ కాలంలో ఒక పార్టీ మీద దాడి జరిగితే, ఆ పార్టీ వాళ్లు పెండ్లాం బిడ్డల్ని తీసుకుని ఊరిడిచి పోయేటోళ్లు. ఎనక ఇండ్లల్లో గింజలుండవు, గొడ్లుండవు. వామికి అగ్గి పెడతారు, బోరు మోటరు పెరుక్కపోతారు, కాపుకొచ్చిన చీనీ చెట్లు నరుకుతారు. పగ నాయకుని మీద. పోయింది మాత్రం రెండెకరాల రైతు సేద్యం. చీనీ చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏండ్లు పడుతుంది. అందుకే దాన్ని నరికేది. మనిషిని చంపకుండానే బతుకు తీసే పద్ధతి అది.

1988 డిసెంబర్ 26న విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగాను చంపినారు. ఆ కోపంలో షాపులు దోచినారు, కాల్చినారు, కర్ఫ్యూ పెట్టాల్సొచ్చింది. షాపు పోయినోళ్లల్లో ఆ హత్యతో ఏ సంబంధం లేనోళ్లెందరో. వాళ్ల కులమే వాళ్ల తప్పయింది.

"మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కూడా ఖజానా కొట్టినాడు గదా?" అని ఎవరన్నా అడగొచ్చు. నిజమే. 1846లో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. అయితే రెండు సంగతులు చూడండి. వాళ్లు కొట్టింది కుంపిణీ సర్కారు ఖజానా, పక్కింటోని గాదె గాదు. ఇంకోటి, ముందు నిలబడినోడే 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కినాడు. మనుషుల్ని ముందుకు తోసి తాను తప్పుకోలేదు. అయినా ఎంబడి నడిచినోళ్లు కూడా తప్పించుకోలేదు. వందమందికి పైనే శిక్షలు పడినాయి.

ఇప్పటి లెక్క తిరగబడింది. పంపినోడు మిద్దెలో ఉంటాడు, పోయినోడు వీడియోలో ఉంటాడు. పోలీసులకు ఆ వీడియోనే సాక్ష్యం.

తమ్ముళ్లూ, చట్టం ఏం చెప్తుందో తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అయిదుగురు గానీ అంతకు మించి గానీ కలిసి బెదిరించో, కొట్టో సొమ్ము లాక్కుంటే సెక్షన్ 310 కింద బందిపోటు కేసు. యావజ్జీవం గానీ, పదేండ్ల దాకా కఠిన శిక్ష గానీ పడొచ్చు. "నేనేం ముట్టుకోలేదు, ఉత్తగా ఎంట పోయినా" అంటే చెల్లదు. గుంపు దేనికి పోతుందో తెలిసీ అందులో ఉంటే, సెక్షన్ 190 ప్రకారం గుంపు చేసిన తప్పు మీదీ అవుతుంది. బందిపోటు సొమ్మని తెలిసి చవగ్గా కొన్నోనికీ సెక్షన్ 317 కింద అంతే శిక్ష ఉండాది.

2024 మే 13 పోలింగ్ అయినంక పల్నాడులో, తాడిపత్రిలో, చంద్రగిరిలో జరిగిన గొడవలు చూసినాం. వాటి మీద సిట్టే వేయాల్సొచ్చింది. ఎలక్షన్లు మళ్లీ వస్తాయి. నాయకులు పార్టీలు మారతారు, నిన్నటి పగోని పక్కన కూర్చొని పెండ్లి భోజనం చేస్తారు. మన పేరు మీద కేసు మాత్రం పార్టీ మారదు. పాస్‌పోర్టుకు పోయినా, సర్కారు కొలువుకు పోయినా ఎదురొస్తుంది.

కోపం ఉంటే అడగండి, ధర్నా చేయండి, ఓటుతో చూపించండి. ఎవురన్నా "పదండ్రా, వాని అంగడి పగలగొడదాం" అంటే ఒక్క మాట అడగండి: "అన్నా, నువ్వు ముందు నడుస్తావా?"