పాత ఇనుప వంతెనను తూకానికి అమ్మాలా?

పిల్లలూ! అనంతపురం పల్లెల్లో జొన్నకోతలు అయ్యాక దంట్లు ఏరుకొని, బెండుతో, ఈనెలతో ఎద్దులబండ్లు చేసి ఆడుకోవడం మీలో కొందరికైనా తెలుసు. ఈసారి బండి వద్దు. ఒకే పొడవున్న నాలుగు ఈనెలు తీసుకొని, మూలల్లో బెండుముక్కలకు గుచ్చి చదరం చేయండి. ఒక పక్క నుంచి మెల్లగా నెట్టండి. ఒరిగిపోతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలలను కలుపుతూ ఐదో ఈనెను ఏటవాలుగా గుచ్చి, మళ్లీ నెట్టండి. ఒరగదు! చదరం రెండు త్రిభుజాలయింది. భుజాల పొడవు మారితే తప్ప త్రిభుజం ఆకారం మారదు.

ఇనుప చట్రాల వంతెనలోని కిటుకు ఇదే. మీద బరువు పడితే పైకమ్మీలు నొక్కుకుంటాయి, కిందికమ్మీలు సాగుతాయి, మధ్యనున్న ఏటవాలు కమ్మీలు బరువును స్తంభాలకు అందిస్తాయి. తక్కువ ఇనుముతో ఎక్కువ బలం!

ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకగానే కనిపించే పెన్న, చిత్రావతి చూసిన కళ్లతో రాజమండ్రి వెళ్లి గోదావరిని చూడండి. అక్కడ 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన హేవలాక్ వంతెన ఉంది. 56 ఖానాలు, దాదాపు రెండు ముప్పావు కిలోమీటర్ల పొడవు. కట్టించిన ఇంజనీరు వాల్టన్. అంతకుముందు కాశీలో గంగమీద వంతెన కట్టిన అనుభవం ఆయనకుంది. దీనిమీద ఒకటే పట్టా. ఒక రైలు దాటేదాకా ఎదుటి రైలు ఆగవలసిందే. అలాగే 1997 వరకు పనిచేసింది.

తరువాత? తూకానికి అమ్మేస్తే సరి అనేవారున్నారు. తాగేనీటికే కటకటలాడే మన సీమలో అలా అనిపించడం తప్పుకాదు. నేను మాత్రం ఒప్పుకోను. రైలింజను ఒక్కటే 100 టన్నులు దాటుతుంది. మనిషికి 60 కిలోల చొప్పున 100 మంది నిలబడినా 6 టన్నులే! రైళ్లను మోసిన వంతెన నడిచేవారిని మోయలేదా?

ఆగండి. ఆ లెక్క ఇనుము ఆరోగ్యంగా ఉన్నప్పటిది. నీరు, గాలిలోని ఆమ్లజని కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. రంగు పొర ఊడిన చోట, రివెట్ల సందుల్లో తేమ నిలిచి కమ్మీ సన్నబడుతుంది. దూరం నుంచి చూసేవారికి అది తెలియదు.

2025 జూన్ 15న పూణె జిల్లాలో ఇంద్రాయణి నదిమీది ఇరుకైన ఇనుప వంతెన, జనం కిక్కిరిసి ఎక్కడంతో కూలి నలుగురు మరణించారు. అది హేవలాక్ వంతెనంత పాతది కాదు. అదే నెలలో రాజమండ్రిలో, హేవలాక్ వంతెనను విహారస్థలంగా మలిచే పథకానికి శంకుస్థాపన జరిగింది. సంతోషమే. కాని దీపాలకు, పూలకుండీలకు ముందు రివెట్ల పరీక్షకు డబ్బు కేటాయించాలి. ఒకసారి ఎంతమంది ఎక్కవచ్చో లెక్కగట్టాలి, బోర్డు రాసి ఊరుకోకుండా గేటు దగ్గర మనిషిని పెట్టి లెక్కించాలి. అంతపాటి ఖర్చు పెట్టలేమంటే, ఎవరినీ ఎక్కనివ్వకుండా గట్టునుంచి చూపించడమే మేలు.

మీ ఈనెలతో జానెడు పొడవు వంతెన కట్టి రెండు ఇటుకల మీద పెట్టండి. నడుమ చిన్న డబ్బా వేలాడదీసి, చెనక్కాయలు ఒక్కొక్కటే వేస్తూ పోండి. మొదట ఏ ఈనె వంగిందో, అప్పటికి ఎన్ని కాయలు పడ్డాయో రాసి పెట్టుకోండి. తరువాత ఆ ఈనెను గోటితో సగానికి చీల్చి మళ్లీ మొదలుపెట్టండి.